చెంచాడు లోతు

నికాయా ఆసుపత్రి, అయిదో అంతస్తు, తలుపు పక్క మంచం.
రాత్రి తోడుండే బంధువులకి ఇక్కడ
తలా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇస్తారు.
నాదానికి ఒక కాలు విరిగింది, గోడకి ఆనించి కూచుంటాను.

ఎక్స్‌రే చూపించారు.
కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లగా,
తెల్లారుజామున రేవు మీద కమ్మిన మంచులా.
"తిన్నది దారి తప్పి అటు పోతోంది" అన్నాడు డాక్టరు.
"నీళ్లు కూడా. ముఖ్యంగా నీళ్లు."

నీళ్లా!
మా నాన్న స్కేవోస్, కలిమ్నోస్ దీవి మనిషి,
పద్నాలుగో ఏట రాతిపలక గుండెలకి పట్టుకుని
పద్దెనిమిది బారల లోతుకి దిగినవాడు.
స్పాంజీలు కోసుకుని తేలేదాకా
అంత సముద్రంలో ఒక్క చుక్కని
లోపలికి రానివ్వనివాడు
చెంచాడు నీళ్లలో మునిగిపోతున్నాడు.

పదింటికి వస్తుంది దనాయి, మింగడం నేర్పే పిల్ల.
ఇరవై ఆరేళ్లుంటాయేమో, చేతిలో పొడి డబ్బా.
గ్లాసులో వేసి తిప్పుతూనే ఉంటుంది
నీళ్లు నీళ్లు కాకుండా పోయేదాకా.
"చెంచా వంచితే తేనెలా జారాలి" అంటుంది.
మా కొండల తేనె ఎరిగిన మనిషి
నాలిక మీద ఆ జిగురుతో నా వంక చూశాడు,
బరువుకి ఇసక కూరి
స్పాంజి అమ్మినవాణ్ణి చూసినట్టు.

గడ్డం గుండెకి ఆనించు నాన్నా.
మింగు.
మళ్లీ మింగు, ఉత్తదే.
ఇప్పుడు దగ్గు.
ఏదీ, ఆ అను.
గొంతులో తడి గరగర ఉందేమో చెవి ఒగ్గి వింటాను.
మెడ మీద నా రెండు వేళ్లు.
వాటి కింద గొంతుముడి
మెట్లెక్కే ముసలిదానిలా లేచి, ఆగి, దిగుతుంది.
తొమ్మిది చెంచాలకి నలభై నిమిషాలు.

ఎక్కిళ్లొస్తే ఎవరో తలుచుకుంటున్నారని మా దీవిలో మాట.
మరి పొలమారితే?
పోయినవాళ్లా?
పిచ్చి ఆలోచనలు ఆపు సెవస్తీ, పెదాలు నీలంగా మారుతున్నాయి,
కఫం లాగే గొట్టం తెమ్మని అరువు.

మూడో రాత్రి జ్వరం ముప్పై తొమ్మిదిన్నర.
ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు.
నా నోరు తిరగని పేరున్న కొత్త మందు వేలాడదీశారు.
పక్క మంచం కోస్మాస్ గారు, ట్రాలీబస్సు నడిపి రిటైరైనాయన,
అడక్కుండానే తన ఫ్యాను మావైపు తిప్పి
అటు తిరిగి పడుకున్నాడు.

రెండు దాటాక నాన్న సెలైన్ గొట్టం లాగడం మొదలెట్టాడు.
"చేతులు కట్టేద్దామా?" అంది నర్సు, విసుగులేని గొంతుతో.
నేను చూస్తున్నాను.
పీకడం కాదది.
లాగుతున్నాడు. ఆగుతున్నాడు. లాగుతున్నాడు.
పడవలో వాళ్లకి తాడుతో చెప్పే మాట అది,
చిన్నప్పుడు నా నడుముకి చీర దారం కట్టి నేర్పాడు:
ఒక్కసారైతే బాగున్నాను,
వరసగా అయితే పైకి తియ్యండి.

కట్టొద్దు, అన్నాను.
గొట్టం విడిపించి, నా స్కార్ఫు కొస అతని గుప్పిట్లో పెట్టి
రెండో కొస నేను పట్టుకున్నాను.
అతను లాగినప్పుడల్లా నేనూ ఒకసారి లాగాను.
"ఎన్ని బారలు?" అన్నాడు కళ్లు తెరవకుండా.
చెంచాడే నాన్నా. చెంచాడే లోతు.
తెల్లారేసరికి నా మణికట్టు వాచింది.

జ్వరం దిగింది. పూర్తిగా కాదు.
సోమవారం లోపల చెప్పాలి,
పొట్టకి గొట్టం పెట్టించాలా వద్దా.
కాగితం నా సంచిలో ఉంది, బిస్కెట్ల పొట్లం కింద.
నాలుగుసార్లు చదివాను.

మధ్యాహ్నం నీళ్లడిగాడు. మామూలు నీళ్లు,
గ్లాసులో కదిలే నీళ్లు.
ఇవ్వకూడదు.
పుల్లకి గులాబీరంగు స్పాంజి ముక్క ఉంటుంది, దాన్ని తడిపి,
గట్టిగా పిండి, ఎండిన పెదాల మీద అద్దాను.
చప్పరించాడు. చేత్తో నా చెయ్యి ఆపి
ఆ ముక్కని కళ్ల దగ్గరికి తెచ్చుకుని
వేలితో నొక్కి చూశాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు.

మూడు రోజుల తర్వాత తిన్నగా వచ్చిన మొదటి మాట:
"ఇది స్పాంజి కాదే పిల్లా.
దీన్ని అమ్మినవాడెవడు?"